పిండమునకు తొలి ఆహారము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గర్భోపనిషత్తు పిండమునకు మొదట కలలమనియు, పిదప బుద్బుదమనియు దశలను చెప్పినది. మావి యేర్పడక మునుపు, ఆ తొలిదినములలో, పిండము దేనిని భుజించి బ్రదుకును? దీనికి సమాధానము ఇరువదవ శతాబ్దిలో చిట్టెలుకల పిండములవలన లభించినది.

ఫలించిన అండము మిల్లీమీటరులో సుమారు పదవ వంతు. అది రెండు, నాలుగు, ఎనిమిది కణములుగా చీలుచు అండవాహికలో గర్భాశయమువైపు సాగును. నెత్తురులోని చక్కెరయగు గ్లూకోజే దానికి చాలునని మనకు తోచును. 1956లో ఆస్ట్రేలియాలో విట్టెన్ అను శాస్త్రజ్ఞుడు గ్లూకోజును, మాంసకృత్తును కలిపిన ఉప్పునీటిలో ఎనిమిది కణముల పిండములను బుద్బుదదశవరకు పెంచెను. రెండు కణముల పిండములు మాత్ర మందు పెరుగలేదు. మరుసటి యేడు లాక్టేటును, అనగా పెరుగునకు పులుపునిచ్చు ఆమ్లముయొక్క లవణమును, చేర్చగా అవియు సాగినవి. ఒంటికణదశలోని పిండమునకు లాక్టేటుగాని గ్లూకోజుగాని ఒంటరిగా చాలవనియు, పైరువేటు కావలెననియు 1967లో బిగ్గర్సు మొదలగువారు చూపిరి.

కణము గ్లూకోజును చీల్చగా వచ్చునదే పైరువేటు. గ్లూకోజు బియ్యమైనచో పైరువేటు వండిన అన్నము. పసిపిండమునకు పొయ్యి యింకను రాజలేదు. అండమును చుట్టియున్న తల్లికణములే గ్లూకోజును పైరువేటుగా మార్చి యందించును.

లెక్కలు వ్రాయువాడను గనుక జమాఖర్చులు చూచెదను. మొదట పిండము చీలునేగాని మొత్తము పరిమాణము పెరుగదు. కావున వ్యయము స్వల్పము. బుద్బుదదశలో లోపలికి నీరు చేరుటకై ఉప్పును ఎడతెగక తోడవలెను, క్రొత్త మాంసకృత్తులను కట్టవలెను. ఖర్చు హెచ్చును, గ్లూకోజు వాడకమును హెచ్చును. మానవపిండమునందును తొలుత పైరువేటు, పిదప గ్లూకోజు ప్రధానములు.

ఇది వట్టి వినోదము కాదు. గాజుపాత్రలో పెంచిన పిండములను వేరొక తల్లి గర్భమునందుంచగా సజీవమైన ఎలుకపిల్లలు పుట్టినవని 1958లో మెక్‌లారెన్, బిగ్గర్సు ప్రకటించిరి. 1978 జూలై 25న ఇంగ్లండులోను, అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషివలనను, శరీరము వెలుపల ఫలించిన అండములనుండి ఆడుశిశువులు జన్మించిరి. గొడ్రాలను నిందకు లోనై కుమిలిన ఎందరో తల్లుల ఒడి నేడు ఈ విద్యవలన నిండుచున్నది. తప్పెవరిదని తగవులాడుట మాని, ఏ దశకు ఏది కావలెనని వెదకినవారే వారి కన్నీరు తుడిచిరి.

గ్రంథాలయమునకును ఇదే ధర్మము. పసివానికి బొమ్మల పుస్తకము, బాలునకు కథ, యువకునకు శాస్త్రము అందవలెను. మన బీరువాలలో పురాణములు నిండుగా నున్నవి. వాటి ప్రక్కన తెలుగు శాస్త్రగ్రంథముల కొక అర యేర్పరుపుడని చందాదారులను ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.