బ్యాటరీ ఉబ్బింది, కంపెనీ వెనక్కి పిలిచింది: ఇక ఆ ఫోన్‌ని నమ్మొచ్చా?

మీలో సగం మంది ఈ ఎపిసోడ్‌ని ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టే చూస్తుంటారని నాకు తెలుసు. పర్వాలేదు, చూడండి. కానీ ఫోన్ దిండు మీదో, దుప్పటి కిందో ఉంటే మాత్రం ముందు తీసి బల్ల మీద పెట్టండి. ఎందుకో చెప్తా.

గోపన్‌పల్లి, నల్లగండ్ల, విప్రో సర్కిల్ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండేవాళ్లకి ఈ సీన్ కొత్త కాదు. గదిలో ముగ్గురు, గోడకి ఒకటే ప్లగ్ పాయింట్. దానికో ఎక్స్‌టెన్షన్ బాక్స్. దానికి మూడు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక పవర్ బ్యాంక్, ఇయర్‌బడ్స్ డబ్బా. అన్నీ మంచం మీదే. అన్నిట్లోనూ ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీయే. ఇందులో ఒక్కటి పాడైనా, అది మనకి తెలిసేదెలా? కంపెనీకి తెలిస్తే మనకి చెప్తుందా? చెప్పిన కంపెనీని నమ్మాలా, చెప్పని కంపెనీని నమ్మాలా? ఇవాళ్టి టాపిక్ ఇదే.

ముందు బ్యాటరీ ఎందుకు కాలుతుందో రెండు నిమిషాల్లో చూద్దాం. లోపల రెండు పొరలుంటాయి. ఒకటి పాజిటివ్, ఒకటి నెగెటివ్. రెండూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో సెపరేటర్ అని వెంట్రుక కన్నా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వీటన్నిటినీ తడిపి ఉంచే ద్రవం ఒకటుంటుంది, దానికి నిప్పంటుకునే గుణం ఉంది. ఆ పల్చటి పొర ఎక్కడైనా చిరిగిందంటే లోపలే షార్ట్ సర్క్యూట్. వేడి పుడుతుంది. ఆ వేడికి పక్క భాగం కూడా చెడి ఇంకా వేడి పుడుతుంది. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. ఒకసారి మొదలైతే ఛార్జర్ పీకేసినా ఆగదు. బ్యాటరీ ఉబ్బడం అంటే లోపల గ్యాస్ పుట్టిందని అర్థం. కుక్కర్‌కైతే సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. ఫోన్‌లో ఉండే పల్చటి పౌచ్ బ్యాటరీకి అలాంటిది ఉండదు.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. 2016 ఆగస్టులో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 విడుదల చేసింది. మన దేశంలో ధర 59,900 రూపాయలు. ముందస్తు బుకింగ్‌లు కూడా తీసుకున్నారు. ఇక్కడ అమ్మకాలు మొదలవ్వాల్సింది సెప్టెంబర్ 2న. సరిగ్గా అదే రోజు కంపెనీ ప్రపంచవ్యాప్తంగా రీకాల్ ప్రకటించింది. అప్పటికి కాలిన, వేడెక్కిన కేసులు 35 వచ్చాయని వాళ్లే చెప్పారు. వెనక్కి పిలిచింది 25 లక్షల ఫోన్లని.

ఇక్కడిదాకా చూస్తే మెచ్చుకోవాలి. 35 కేసులకే 25 లక్షల ఫోన్లు వెనక్కి తీసుకోవడం మామూలు విషయం కాదు. మరి పరువు ఎక్కడ పోయింది? రెండోసారి పోయింది. ఆ ఫోన్లలో రెండు కంపెనీల బ్యాటరీలు వాడారు. మొదటి కంపెనీ బ్యాటరీలోనే లోపం ఉందనుకుని, రెండో కంపెనీ బ్యాటరీలున్న ఫోన్లు ఇచ్చి "ఇవి సేఫ్" అన్నారు. జనం నమ్మి తీసుకున్నారు. అక్టోబర్ 5న అమెరికాలో లూయిస్‌విల్ విమానాశ్రయంలో, బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న విమానంలో అలా మార్చి ఇచ్చిన ఫోనే పొగలు కక్కింది. ఇంకొన్ని కూడా కాలాయి. అక్టోబర్ 11న ఆ మోడల్ తయారీయే ఆపేశారు. నష్టం సుమారు 500 కోట్ల డాలర్లని లెక్కలొచ్చాయి.

2017 జనవరి 23న శాంసంగ్ కారణం చెప్పింది. సుమారు 700 మంది ఇంజనీర్లు, 2 లక్షల ఫోన్లు, 30 వేల బ్యాటరీలతో పరీక్షలు చేశారు. బయటి సంస్థల చేత కూడా చూపించారు. తేలిందేంటంటే, మొదటి రకం బ్యాటరీలో పై మూల దగ్గర చోటు చాలక నెగెటివ్ పొర వంగిపోయింది. రెండో రకంలో వెల్డింగ్ దగ్గర మిగిలిన లోహపు మొనలు సెపరేటర్‌ని చీల్చాయి, కొన్నిట్లో ఉండాల్సిన ఇన్సులేషన్ టేపే లేదు. అంటే రెండు బ్యాటరీలు, రెండు వేర్వేరు లోపాలు. మొదటిసారి తొందరపడి, అసలు కారణం దొరక్కముందే "అయిపోయింది" అన్నందుకు రెండోసారి దెబ్బ పడింది.

అందుకే నా ఉద్దేశంలో రీకాల్ చేసిందని ఒక కంపెనీని అనుమానించక్కర్లేదు. కారణం చెప్పకుండా రీకాల్ చేస్తే అనుమానించాలి. శాంసంగ్ ఆ తర్వాత మళ్లీ నిలబడిందంటే కారణాన్ని బొమ్మలేసి మరీ అందరి ముందు పెట్టడం, బ్యాటరీకి ఎనిమిది రకాల పరీక్షలు పెట్టామని చెప్పడం పనికొచ్చాయి.

"అన్నా, ఆ ఫోన్ మన దగ్గర అమ్మనే లేదు కదా, మనకేంటి?" అనొచ్చు. 2016 సెప్టెంబర్ 9న డీజీసీఏ, నోట్ 7ని విమానంలో ఆన్ చెయ్యొద్దని, ఛార్జ్ చెయ్యొద్దని చెప్పింది. రెండు వారాలకే, సెప్టెంబర్ 23న సింగపూర్ నుంచి చెన్నై వచ్చే ఇండిగో విమానంలో పై అరలో పెట్టిన బ్యాగులోంచి పొగ వచ్చింది. అది నోట్ 7 కాదు, ఏళ్ల పాతదైన నోట్ 2. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అందరూ కొత్త మోడల్ వైపే చూస్తుంటే పొగ పాత ఫోన్‌లోంచి వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే 2007. మీ నాన్నని అడగండి, బీఎల్-5సీ బ్యాటరీ గుర్తుంటుంది. నోకియా ఆ ఆగస్టులో 4 కోట్ల 60 లక్షల బ్యాటరీల గురించి హెచ్చరిక ఇచ్చింది. మత్సుషిత కంపెనీ 2005 డిసెంబర్ నుంచి 2006 నవంబర్ మధ్య చేసినవి. ఛార్జింగ్‌లో వేడెక్కిన కేసులు వందదాకా వచ్చాయి. మన దేశంలో పెద్ద కలకలమే అయింది. అయితే అప్పుడు ఒక సుఖం ఉంది. వెనక మూత తీసి, బ్యాటరీ మీద 26 అక్షరాల నంబర్ చూసి, అది లిస్టులో ఉందో లేదో ఎవరికి వాళ్లు తెలుసుకోవచ్చు. ఇప్పుడు బ్యాటరీని జిగురుతో అతికించేశారు. మనకి కనపడదు, మనం తియ్యలేం. కంపెనీ చెప్పిందే మనకి తెలిసేది.

రీకాల్ రూపం కూడా మారింది. 2025 జూలైలో గూగుల్ పిక్సెల్ 6ఏ ఫోన్లకి తప్పనిసరి అప్‌డేట్ పంపింది. 400 సార్లు ఛార్జ్ అయిన బ్యాటరీ సామర్థ్యాన్నీ, ఛార్జింగ్ వేగాన్నీ ఆ అప్‌డేట్ తగ్గిస్తుంది. ఉచితంగా బ్యాటరీ మార్చుకునే అవకాశం ఇచ్చిన దేశాల్లో మనదీ ఉంది. రాత్రి అప్‌డేట్ పడి పొద్దున్న బ్యాకప్ తగ్గితే "కొత్త ఫోన్ కొనిపించడానికే ఇదంతా" అని తిట్టుకుంటాం. అప్పుడప్పుడు అది భద్రత కోసం కూడా అయ్యుండొచ్చు. ఆ అప్‌డేట్ కింద రాసింది చదవకుండా తోసెయ్యకండి.

ఇప్పుడు మన ఇంటి దగ్గరి సంగతి. ఇది ఫోన్ కాదు, బండి. కానీ బ్యాటరీ జాతి ఒకటే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. ఆ బండి మన హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీది. వెంటనే కంపెనీ రెండు మోడళ్లలో 2,000 బండ్లని వెనక్కి పిలిచింది. అదే నెలలో విజయవాడలో వేరే కంపెనీ బండి బ్యాటరీ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉండగా పేలి ఒకాయన ప్రాణం పోయింది.

నిజామాబాద్ ఘటన మీద ప్యూర్ ఈవీ అప్పట్లో ఒక మాట అంది. ఆ బండి అమ్మినట్టు గానీ, సర్వీసు చేసినట్టు గానీ తమ రికార్డుల్లో లేదని, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారేమో చూస్తున్నామని. ఎవరిది తప్పు అనేది పక్కన పెడదాం. రీకాల్ వస్తే ఎవరికి తెలుస్తుంది? కంపెనీ దగ్గర ఎవరి పేరు, నంబర్ ఉంటే వాళ్లకి. జగదీష్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొన్నవాళ్లకి, ఎక్కడో బయట బ్యాటరీ మార్పించుకున్నవాళ్లకి ఆ మెసేజ్ రాదు. మన ఊళ్లో అమ్మకి, తమ్ముడికి మనం ఇచ్చేసే పాత ఫోన్ల సంగతీ అంతే. మనం కొత్తది కొనుక్కుని పాతది ఇంటికి పంపిస్తాం. బిల్లు మన మెయిల్‌లో ఉంటుంది, బ్యాటరీ వాళ్ల దిండు పక్కన ఉంటుంది.

కాబట్టి ఈ నాలుగు పనులు చెయ్యండి.

ఒకటి. ఇంట్లో ఎవరు ఏ ఫోన్ వాడుతున్నారో మోడల్ రాసి పెట్టుకోండి. స్టార్ హాష్ 06 హాష్ కొడితే ఐఎంఈఐ నంబర్ వస్తుంది, స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ మోడల్ మీద రీకాల్ వార్త వస్తే ముందు కంపెనీ సైట్‌లో ఆ నంబర్‌తో చూసుకోండి. వాట్సాప్ ఫార్వర్డ్‌లు చూసి కంగారు పడొద్దు, తేలిగ్గా తీసుకోవద్దు.

రెండు. ఛార్జర్, పవర్ బ్యాంక్ కొనేటప్పుడు బీఐఎస్ ముద్ర, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉందో లేదో చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీదో వస్తుంది. డబ్బా మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు ఉంటే వదిలెయ్యండి. వంద రూపాయలు మిగిలితే మిగిలాయి గానీ, అది రాత్రంతా మీ తల పక్కన ఉండే వస్తువు.

మూడు. వెనక ప్యానెల్ లేచినా, స్క్రీన్ ఒక పక్క ఉబ్బినా, ఫోన్ బల్ల మీద పెడితే ఊగినా ఛార్జింగ్ ఆపెయ్యండి. స్విచ్ ఆఫ్ చెయ్యండి. నొక్కి సర్దడం, సూదితో గ్యాస్ తియ్యడం, ఫ్రిజ్‌లో పెట్టడం వద్దే వద్దు. కొరియర్‌లో పంపొద్దు, విమానంలో తీసుకెళ్లొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు. సర్వీస్ సెంటర్‌కే పట్టుకెళ్లండి. ఎండాకాలం బైక్ హ్యాండిల్‌కి ఫోన్ పెట్టి మ్యాప్స్ చూస్తూ తిరిగే డెలివరీ తమ్ముళ్లూ, మీకు ప్రత్యేకంగా చెప్తున్నా. ఆపిల్ తన ఐఫోన్లని 0 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమంటుంది. మన మే నెల ఎండ 40 దాటుతుంది. ఎండలో పవర్ బ్యాంక్ తగిలించి ఛార్జ్ చెయ్యకండి, నీడకొచ్చాక చేసుకోండి.

నాలుగు. సర్వీస్ సెంటర్ వాళ్లు "కింద పడేసుంటారు, వారంటీ రాదు" అంటే వాదన పెట్టుకోకండి. ముందు ఫొటోలు, వీడియో తియ్యండి. జాబ్ షీట్ మీద "బ్యాటరీ ఉబ్బింది" అని రాయించండి. నోటి మాట ఎక్కడా నిలబడదు. తర్వాత 1915, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్. ఫోన్ ఎక్కడ కొన్నా సరే, మీరు ఉంటున్న చోట గానీ, పనిచేస్తున్న చోట గానీ కేసు వెయ్యొచ్చు. గోపన్‌పల్లిలో ఉండేవాళ్లకి రంగారెడ్డి జిల్లా కమిషన్. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వెయ్యాలి, లాయర్ తప్పనిసరి కాదు.

2019 వినియోగదారుల చట్టం ఇంకో మాట కూడా చెప్తుంది. తయారీలో, డిజైన్‌లో లోపం వల్ల నష్టం జరిగితే తయారీదారు బాధ్యుడు. ప్రమాదకరమైన వస్తువుని వెనక్కి తీసుకోమని, డబ్బు తిరిగివ్వమని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ కంపెనీని ఆదేశించొచ్చు. అయితే ఫిర్యాదులు రాకపోతే ఆ అథారిటీకి మాత్రం ఎలా తెలుస్తుంది? మనలో ఎక్కువమంది ఏం చేస్తాం? ఉబ్బిన బ్యాటరీని వీధి చివర షాపులో ఎనిమిది వందలకి మార్పించేసి మర్చిపోతాం. అదే మోడల్ అలాగే ఉబ్బినవాళ్లు ఇంకో వెయ్యి మంది ఉన్నా ఎవరి లెక్కలోకీ రారు. శాంసంగ్ రీకాల్ మొదలైంది 35 కేసులతో. ఆ 35 మంది కూడా ఊరుకుని ఉంటే?

ఇక నమ్మకం సంగతి. ఏ కంపెనీ బ్యాటరీ అయినా ఎప్పుడో ఒకప్పుడు తేడా చెయ్యొచ్చు. నేనైతే మూడు ప్రశ్నలు వేస్తా. ఎన్ని కేసులు వచ్చాయో చెప్పారా? ఎందుకు జరిగిందో చెప్పారా? వేరే దేశంలో ఇచ్చిన పరిహారమే మనకీ ఇచ్చారా? మూడింటికీ అవును అంటే ఆ కంపెనీ ఫోన్ మళ్లీ కొంటా. ఒక్కదానికైనా జవాబు లేకపోతే, ఎంత ఆఫర్ పెట్టినా ఆగుతా.

ఈ వారాంతం ఊరెళ్లేవాళ్లు, ఇంటికెళ్లగానే అమ్మ ఫోన్ ఒకసారి చేతిలోకి తీసుకోండి. కవర్ తియ్యండి, వెనక వైపు చేత్తో తడిమి చూడండి, ఛార్జర్ వైరు చూడండి. ఉబ్బు కనిపిస్తే "తర్వాత చూద్దాంలే" అనకండి, ఆ రోజే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, జాగ్రత్త.