పసుపు కార్డు మీదున్న మనిషిని కూర్చోబెట్టాలా?

కమిటీవాళ్లు మమ్మల్ని సేఫ్టీ మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. హెల్మెట్ పెట్టుకోండి, బెల్టు తగిలించుకోండి అని మళ్లీ మొదలుపెడితే మీరు సమోసాల దగ్గరికి లేచిపోతారని మాకు తెలుసు. పొద్దున్నే టూల్‌బాక్స్ టాక్‌లో వింటున్నదే కదా. అందుకని ఫుట్‌బాల్ గురించి మాట్లాడతాం. మధ్యలో సేఫ్టీ దానంతటదే వస్తుంది.

నిజం చెప్పాలంటే దోహాకి వచ్చేదాకా మాకు ఫుట్‌బాల్ అంటే పదకొండు మంది ఒక బంతి వెనక పరుగెత్తడమే. మన ఊళ్లల్లో క్రికెట్టే కదా. 2022లో ప్రపంచకప్ ఇక్కడే జరిగింది, మేము కూడా మారిపోయాం. స్థానికంగా ఉంటున్నవాళ్లకు 40 రియాళ్ల టికెట్ పెట్టారు. మా రూముల్లో ఒక్కడికే దొరికింది, వాడు ఇప్పటికీ ఆ టికెట్‌ను పాస్‌పోర్టులో పెట్టుకుని తిరుగుతున్నాడు. మిగతావాళ్లం ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెట్టిన పెద్ద తెర ముందు నేల మీద కూర్చుని చూశాం. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో మాకు చెప్పింది పక్క రూము మలయాళీ క్రేన్ ఆపరేటర్. ఆయన అర్జెంటీనా మనిషి. నాలుగో రోజుకల్లా మేమూ అర్జెంటీనావాళ్లమైపోయాం.

అప్పుడు మా రూములో ఒక పెద్ద పంచాయితీ నడిచింది. నవంబర్ 30న పోలండ్‌తో ఆడిన మ్యాచ్‌లో అర్జెంటీనా ఎడమవైపు డిఫెండర్ అకున్యాకి పసుపు కార్డు పడింది. అంతకుముందు మెక్సికో మ్యాచ్‌లో మోంటియెల్‌కి పడింది. ఆ కప్పులో రూలు ఇలా ఉంది: క్వార్టర్ ఫైనల్ అయ్యేలోపు వేరువేరు మ్యాచ్‌లలో రెండు పసుపు కార్డులు పడితే ఆ తర్వాతి మ్యాచ్ ఆడకూడదు. క్వార్టర్ ఫైనల్ దాటాక ఒక్క కార్డే ఉన్నవాళ్లకు అది చెరిగిపోతుంది, మళ్లీ కొత్త లెక్క. డిసెంబర్ 3న ఆస్ట్రేలియాతో మ్యాచ్. మరి ఆ మ్యాచ్‌కి అకున్యాని కూర్చోబెట్టాలా, ఆడించాలా?

జగిత్యాల అన్న ఒకాయన కూర్చోబెట్టాలన్నాడు. "ఆస్ట్రేలియాను ఎవడైనా కొడతడు. రేపు పెద్ద టీమొస్తే మనోడు లేకుంటే ఏం జేస్తవ్? ఇయ్యాల కూసోబెట్టు, గప్పుడు దింపు." కడప తమ్ముడు ఒప్పుకోలేదు. "రేపటి మ్యాచ్ ఓడిపోతే ఇంటికే గదన్నా! ఎల్లుండికి దాచిపెట్టుకోను వాడేమన్నా ఊరగాయా?" అన్నాడు. రూమంతా రెండుగా చీలిపోయింది. అన్నం గంటె కూడా ఆ పార్టీవాడు ఈ పార్టీవాడికి అందివ్వలేదు, అంత పట్టింపు.

క్రేన్ ఆపరేటర్ అన్న దగ్గర పాత కథలు చాలా ఉన్నాయి. 2002లో జర్మనీ ఆటగాడు బాలాక్, కొరియాతో సెమీఫైనల్. కొరియావాడు గోలు మీదికి దూసుకుపోతుంటే వెనక నుంచి పడగొట్టి ఆపాడు. పసుపు కార్డు పడింది, అది రెండోది. అంటే గెలిచినా ఫైనల్ ఆడడు. అది తెలిసిన నాలుగైదు నిమిషాలకే తానే గోలు కొట్టి టీమును ఫైనల్‌కి చేర్చాడు. ఫైనల్లో అతను లేడు, బ్రెజిల్ 2-0తో గెలిచింది. క్వార్టర్ ఫైనల్ తర్వాత ఒంటి కార్డు చెరిపేసే పద్ధతి 2010 కప్పు నుంచి వచ్చింది. బాలాక్ అప్పుడే పుట్టి ఉంటే... అంటూ ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టేవాడు.

ఇంకొకటి 2014, బ్రెజిల్ కెప్టెన్ తియాగో సిల్వా. కొలంబియాతో క్వార్టర్ ఫైనల్లో ముందుగా గోలు కొట్టిందే అతను. తర్వాత అవతలి గోల్‌కీపర్ బంతి తన్నబోతుంటే అడ్డంపోయాడు. చిన్న పిల్లల చేష్ట. దానికి కార్డు, సెమీఫైనల్‌కి నిషేధం. బ్రెజిల్ అప్పీలు చేసినా వినలేదు. నెయ్‌మార్ అదే మ్యాచ్‌లో వెన్ను దెబ్బతో పడిపోయాడు. జూలై 8న జర్మనీ 7-1. సిల్వా ఉంటే ఏడు పడేవి కావని ఆయన వాదన. మూడే పడేవని నేపాలీ తమ్ముడు. దాని మీద అరగంట.

మాలో తెలివైనవాడొకడు మూడో దారి చెప్పాడు. కూర్చోబెట్టేదెందుకు, అక్కర్లేని మ్యాచ్‌లో కావాలనే కార్డు తీసుకుని నిషేధం చిన్న మ్యాచ్‌లో కట్టేసుకుంటే సరిపోతుంది కదా అని. దానికీ కథ ఉంది. 2019 ఫిబ్రవరిలో రియల్ మాడ్రిడ్ కెప్టెన్ రామోస్ అదే చేశాడు. అయాక్స్ మీద మొదటి మ్యాచ్ 2-1తో గెలుస్తున్నారు. ఆఖర్లో ఒకణ్ని పడగొట్టి కార్డు తీసుకున్నాడు. మ్యాచ్ అయ్యాక మాటల్లో కావాలనే చేసినట్టు బయటపడ్డాడు. ఒకటి కట్టాల్సిన నిషేధం రెండు మ్యాచ్‌లైంది. చిన్నదనుకున్న రెండో మ్యాచ్ సొంత గడ్డ మీద, అతను గ్యాలరీలో కూర్చుని చూస్తుండగా, రియల్ 4-1తో ఓడి టోర్నమెంట్ నుంచే పోయింది. మన తెలివి మనల్నే కాటేస్తుందంటే ఇదే.

అకున్యా విషయం ఏమైందో చెప్పి అసలు సంగతికొస్తాం. కోచ్ స్కలోని అతణ్ని ఆస్ట్రేలియా మీద ఆడించాడు. కార్డు పడలేదు, 2-1తో గెలిచారు. కడప తమ్ముడు ఆ రాత్రి కాలర్ ఎగరేశాడు. డిసెంబర్ 9న లుసైల్‌లో నెదర్లాండ్స్‌తో క్వార్టర్ ఫైనల్. రిఫరీ కార్డులు పంచిపెట్టాడు, పెళ్లిలో తాంబూలం పంచినట్టు. అకున్యాకి పడింది, మోంటియెల్‌కి పడింది. మెస్సీకి కూడా పడింది, అతనికి ముందు కార్డు లేదు కాబట్టి బతికాం. ఇద్దరు డిఫెండర్లు సెమీఫైనల్‌కి లేరు. ఇప్పుడు జగిత్యాల అన్న కాలర్ ఎగరేశాడు. కానీ చూడండి, ఆ మ్యాచ్‌లో రెండో గోలు పెనాల్టీతో వచ్చింది. ఆ పెనాల్టీ ఎందుకొచ్చింది? అవతలివాడు అకున్యాని కింద పడేసినందుకు. మనిషిని కూర్చోబెడితే కార్డు మిగులుతుంది, ఆ పెనాల్టీ మిగలదు.

సెమీఫైనల్లో వాళ్లిద్దరూ లేకుండానే క్రొయేషియాని 3-0తో కొట్టారు. డిసెంబర్ 18 ఫైనల్లో ఫ్రాన్స్ మీద, ఇక గెలిచామనుకున్న టైములో, మోంటియెల్ చేతికి బంతి తగిలి ఎంబాపేకి పెనాల్టీ వచ్చింది, 3-3. కప్పు పోగొట్టాడని మా రూములో అతణ్ని తిట్టని నోరు లేదు. పదిహేను నిమిషాలు గడిచాయో లేదో, ఆఖరి పెనాల్టీ కొట్టి కప్పు తెచ్చింది ఆ మోంటియెలే. తిట్టినవాళ్లమే ఎగిరాం.

ఈ పంచాయితీ మాకు బాగా అలవాటైపోయింది. మరుసటి ఎండాకాలం దాన్ని సైటుకి మోసుకుపోయాం. తప్పు అక్కడ జరిగింది.

మా దగ్గర షటరింగ్ చార్జ్‌హ్యాండ్ ఒక తమ్ముడు, నిర్మల్ వైపు. పేరు వద్దు, ఈ హాల్లోనే ఉన్నాడు. పనిలో మొనగాడు. అంచు బీము షటరింగ్ అతను చూశాడంటే కాంక్రీటు పోసేటప్పుడు మేము నిశ్చింతగా ఉంటాం. అతని మీద ఒక వార్నింగ్ లెటర్ ఉంది, ఎత్తులో బెల్టు హుక్ తగిలించలేదని. మా కంపెనీలో రెండోది పడితే మూడు రోజుల జీతం కోత, సైటు పాసు కొన్నాళ్లు పక్కన. గురువారం రాత్రి పెద్ద స్లాబు. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర వరకు బయట ఎండలో పని బందు కదా, కాంక్రీటు కూడా రాత్రే పోస్తాం. అదే వారం మంగళవారం క్లయింటు సేఫ్టీవాళ్ల ఇన్‌స్పెక్షన్ ఉందని సోమవారం తెలిసింది.

మేము ముగ్గురం సూపర్‌వైజర్లం కంటైనర్ ఆఫీసులో కూర్చుని నవ్వుకుంటూనే తేల్చేశాం. "పసుపు కార్డు మీదున్నడు, రేపు కూసోబెడదాం, గురువారం ఫైనల్‌కి దింపుదాం." అతనికి ఫోన్ చేసి రేపు రూములోనే ఉండు, రెస్ట్ తీసుకో అన్నాం. సరే అన్నా అన్నాడు. మాకు పెద్ద స్కలోనిలమైపోయినంత సంతోషం. ఇన్‌స్పెక్షన్ అయిపోయింది. గురువారం రాత్రి స్లాబు పడింది, తెల్లారి నాలుగింటికి ఆఖరి లారీ వెళ్లిపోయింది. ఒక్క చుక్క పాలు కారలేదు షటరింగ్‌లోంచి.

నెలాఖరుకి తమ్ముడు జీతం కాగితం పట్టుకొచ్చాడు. టైమ్‌కీపర్ మంగళవారం గడిలో గైర్హాజరు వేశాడు. బేసిక్ 1500, అంటే రోజు 50 పోయింది. ఓటీ రెండు గంటలు, ఒక 15. అది కాదు దెబ్బ. నెలంతా ఒక్క నాగా లేకుండా వస్తే మా దగ్గర 150 రియాళ్ల హాజరు భత్యం ఉంటుంది, అది పోయింది. మొత్తం 215. ఇంటికి పంపే డబ్బుల్లో అది చెల్లి స్కూలు ఫీజు. గొడవేమీ చేయలేదు. ఒక్కటే అన్నాడు, "అన్నా, ఆటగానికి బెంచీ మీద కూసున్నా పైసలొస్తయ్. నాకెవలిస్తరు?"

మేము జేబుల్లోంచి తీసి ఇవ్వబోయాం. తీసుకోలేదు. "మీ పైసలు నాకెందుకన్నా, నేను రానని చెప్పలే గదా. ఆ కాగితం మీద నాగా అని ఎందుకుండాలె?" అన్నాడు. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. నెలలు గడిచాక ఎవడో ఆ కాగితం చూస్తే, వీడు డ్యూటీ ఎగ్గొట్టేవాడనుకుంటాడు.

ఇంకా లోపలికి పోయి అడిగితే అసలు మాకు సిగ్గేసే సంగతి బయటపడింది. ఆ మొదటి వార్నింగ్ ఎందుకొచ్చింది? హుక్ తగిలించలేదని. ఎందుకు తగిలించలేదు? ఆ అంచు దగ్గర తగిలించడానికి తాడే లేదు. మూల స్తంభానికి కట్టాల్సిన లైఫ్‌లైన్ విప్పి వేరే బ్లాకుకి పట్టుకుపోయారు, మళ్లీ కట్టించాల్సింది మేమే. షటరింగ్ ఆపితే మేమే అరుస్తాం, హుక్ లేకుండా చేస్తే సేఫ్టీ ఆఫీసర్ రాస్తాడు. ఫుట్‌బాల్లో కూడా అంతే, ముందు ఆడేవాడు వెనక్కొచ్చి సాయం చేయకపోతే డిఫెండర్ ఒక్కడైపోతాడు, ఒక్కడైపోయినవాడు కాలు పట్టి లాగుతాడు, కార్డు వాడికే పడుతుంది. కూర్చోబెట్టాలా ఆడించాలా అని రూమంతా కొట్టుకున్నాం గానీ, వాడికే ఎందుకు కార్డు పడుతోందని మాలో ఒక్కడూ అడగలేదు. మంగళవారం అతణ్ని దాచే బదులు సోమవారం సాయంత్రం ఆ తాడు కట్టి ఉంటే సరిపోయేది. ఇద్దరు మనుషులు, గంటన్నర పని.

ఆ గైర్హాజరు దిద్దించడం అంత తేలిగ్గా కాలేదు. మా మాట మీదే అతను రూములో ఉన్నాడని రాసి సంతకం పెట్టమన్నారు. ఇన్‌స్పెక్షన్ రోజు మనిషిని ఎందుకు ఆపారని అడుగుతారని తెలుసు. అయినా ఒకరు పెట్టారు. భత్యం మరుసటి నెల జీతంలో వచ్చింది, గైర్హాజరు గడిలో సెలవు అని మార్చారు. సంతకం పెట్టిన సూపర్‌వైజర్‌కి వార్నింగ్ లెటర్ వచ్చింది. ఇప్పుడు పసుపు కార్డు మీదున్నది మేము. తమ్ముడు రోజూ వేళాకోళం చేస్తున్నాడు, "అన్నా, ఇయ్యాల నిన్ను కూసోబెట్టాల్నా?" అని.

ఫుట్‌బాల్లో క్వార్టర్ ఫైనల్ దాటితే కార్డు చెరిగిపోతుంది. మన వార్నింగ్ లెటర్ ఎన్ని నెలలకు చెల్లిపోతుంది? మేము ఆఫీసులో అడిగాం, ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. రాతపూర్వకంగా అడిగాం, ఇంకా జవాబు రాలేదు. మీ కంపెనీల్లో ఎలా ఉందో మాకు తెలియాలి. లెటర్ ఉన్నవాళ్లు దాని కాపీ తీసి పెట్టుకోండి. తేదీ, కారణం, దాని మీద మీరేం రాసి సంతకం పెట్టారో చూసుకోండి. చదవకుండా పెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, మాతో సహా. సూపర్‌వైజర్ ఫోన్ చేసి రేపు రావద్దంటే, సరే అన్నా అని ఊరుకోకండి, ఆ మాట మెసేజ్‌లో పెట్టమనండి. మేము చెప్పినా సరే. ఆరోజు టైమ్‌షీట్‌లో ఏం రాస్తారో కూడా అడగండి.

వచ్చే శుక్రవారం సాయంత్రం మేము ముగ్గురం ఇదే హాల్లో వెనక బల్ల దగ్గర ఫైలు తెరుచుకుని కూర్చుంటాం. లెటర్లు, జీతం కాగితాలు పట్టుకుని రండి. చాయ్ ఖర్చు జగిత్యాల అన్నది, సెమీఫైనల్ మీద కడప తమ్ముడితో కట్టిన పందెం బాకీ ఇంకా తీర్చలేదు.