గ్రనాడాలో ఒక సెమిస్టరు: బయలుదేరే ముందు అందిన సాయం

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్పెయిన్‌లో చదివి వచ్చావు కదా, ఆ అనుభవం నాలుగు మాటల్లో చెప్పమ్మా అని కార్యదర్శిగారు అడిగారు. అక్కడి కోటల గురించి, కట్టడాల గురించి మొదలుపెడితే ఈ పూట చాలదు. మీరు దాతలు. ఇచ్చిన రూపాయి ఎక్కడ పడితే ఎంత పని చేస్తుందో తెలుసుకోవాలని మీకు ఉంటుంది. అందుకని ముఖ్యంగా ఆ సంగతే చెబుతాను.

ముందు ఎక్స్ఛేంజ్ చదువు అంటే ఏమిటో చెప్పాలి. ఇక్కడి విశ్వవిద్యాలయానికీ, విదేశంలోని విశ్వవిద్యాలయానికీ మధ్య ఒప్పందం ఉంటుంది. ఆ ఒప్పందం కింద ఎంపికైన విద్యార్థి ఒక సెమిస్టరో, ఒక ఏడాదో అక్కడ చదివి తిరిగి వస్తాడు. ఫీజు మామూలుగా ఇక్కడే కడతాడు, అక్కడ మళ్లీ ట్యూషన్ ఫీజు ఉండదు. ఏయే సబ్జెక్టులు చదవాలో ముందే రాసుకుని రెండు విశ్వవిద్యాలయాలూ సంతకాలు చేస్తాయి. దాన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. అక్కడ పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయి. యూరప్ లెక్కలో ఒక సెమిస్టరుకు 30 క్రెడిట్లు. స్పెయిన్‌లో మార్కులు పదికి వేస్తారు, ఐదు వస్తే పాస్.

యూరప్ దేశాలు 1987లో తమ విద్యార్థుల కోసం ఎరాస్మస్ అనే పథకం పెట్టుకున్నాయి. మొదట అందులో ఉన్నవి 11 దేశాలే. 2015 నుంచి ఎరాస్మస్ ప్లస్ పేరుతో మన దేశం వంటి బయటి దేశాల విద్యార్థులకూ సెమిస్టరు చదువుకు తలుపు తెరిచారు. ఎంపికైనవారికి నెలనెలా ఖర్చులకు, ప్రయాణానికి డబ్బు ఇస్తారు. నేను వెళ్లింది ఇలాగే.

తెనాలిలో, గుంటూరులో విదేశీ చదువుల బోర్డులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వాటిలో ఈ ఎక్స్ఛేంజ్ ఊసు కనిపించదు. కారణం పెద్దదేమీ కాదు. ఇందులో విదేశీ కాలేజీ ఫీజు లేదు, ఫీజు లేనిచోట కమిషన్ లేదు. కమిషన్ లేని చదువుకు బోర్డు ఎవరు పెడతారు? అందుకే మన పిల్లలకు ఈ సంగతి విశ్వవిద్యాలయం నోటీసు బోర్డు మీదో, ఒక మంచి మేష్టారి నోటనో తెలియాలి. లేకపోతే తెలియదు.

ఇక అసలు విషయానికి వస్తాను. స్కాలర్‌షిప్ ఉంది, ఫీజు లేదు, మరి సాయం దేనికి అని మీలో కొందరు అడగవచ్చు. స్కాలర్‌షిప్ మొదటి వాయిదా సాధారణంగా అక్కడ దిగి, చేరినట్టు కాగితం ఇచ్చి, బ్యాంకు ఖాతా చూపాకే పడుతుంది. ఖర్చులు మాత్రం అంతకు ముందే వచ్చి పడతాయి. పాస్‌పోర్టు కావాలి. తొంభై రోజులు దాటి ఉండాలంటే స్టూడెంట్ వీసా కావాలి. ఉన్నన్నాళ్లకూ సరిపోయే ఆరోగ్య బీమా ముందే కొనాలి. రానూపోనూ టిక్కెట్టు, గదికి అడ్వాన్సు, మొదటి నెల అద్దె కూడా చేతిలో ఉండాలి. ఇవిగాక, అక్కడ బతకడానికి డబ్బు ఉందని వీసా కోసం చూపాలి. 2025లో ఆ లెక్క నెలకు 600 యూరోలు. యూరోకు వంద రూపాయల చొప్పున చూస్తే ఐదు నెలలకు మూడు లక్షలు. స్కాలర్‌షిప్ ఉత్తరం ఉంటే దాన్నే చూపవచ్చు. ఉత్తరం చేతికి రావడం ఆలస్యమైతే చిక్కే. వీసా గడువుకు ముందు బంధువుల దగ్గర తెచ్చి ఒక్కసారిగా ఖాతాలో వేసిన డబ్బు మీద ప్రశ్నలు వస్తాయి.

ప్రభుత్వ విదేశీ విద్యా పథకాలు సాధారణంగా పూర్తి డిగ్రీకి వెళ్లేవారి కోసం పెట్టినవి. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు అప్పులకు వడ్డీ భారం తగ్గించిన కేంద్ర పథకం పఢో పర్‌దేశ్ 2022-23 నుంచి ఆగిపోయింది. ఒక్క సెమిస్టరు చదువుకు బ్యాంకు అప్పు దొరకడమూ కష్టమే.

మా నాన్నగారు రేపల్లెలో పరుపులు, దిండ్లు కుడతారు. మా తాతగారు దూది ఏకేవారు. మా ఇంట్లో లక్షన్నర రూపాయలు ఒక్కసారి కళ్లజూడటం పెళ్లిళ్లప్పుడే. ఆ సమయంలో ఈ సొసైటీ నాకు లక్షా అరవై వేల రూపాయలు ఖర్జె హసనాగా ఇచ్చింది. వడ్డీ లేదు, పూచీగా పొలం కాగితం అడగలేదు. స్కాలర్‌షిప్ పడ్డాక కొంత, తిరిగొచ్చి ఉద్యోగంలో చేరాక మిగతాది, మొత్తం ఏడు వాయిదాల్లో కట్టేశాను. ఆ డబ్బు ఇప్పుడు మళ్లీ సొసైటీ ఖాతాలోనే ఉంది.

ఆ సెమిస్టరు ఏమిచ్చిందని అడుగుతారు. నేను చదివింది నీటి యాజమాన్యం. గ్రనాడా విశ్వవిద్యాలయం 1531లో మొదలైంది. ఆ ఊరి వెనక సియెర్రా నెవాడా కొండలున్నాయి. శీతాకాలమంతా వాటి మీద మంచు ఉంటుంది. ఆ మంచు కరిగిన నీటిని పొలాలకు తెచ్చే కాలువలను అసేకియా అంటారు. అరబ్బీలోని సాఖియా నుంచి వచ్చిన మాట అది. ముస్లిం పాలన నాటి నుంచి ఉన్న కాలువలు ఇప్పటికీ పారుతున్నాయి. కొన్ని కాలువల నీటిని కావాలనే కొండవాలులో ఇంకిపోనిస్తారు. అది కింద ఊటలుగా వేసవిలో బయటికి వస్తుంది. పూడిపోయిన కాలువలను విశ్వవిద్యాలయం పరిశోధకులు, రైతులు, విద్యార్థులు కలిసి పూడిక తీసి బాగుచేస్తున్నారు.

వలెన్సియా నగరంలో ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి పెద్ద చర్చి గుమ్మం దగ్గర నీళ్ల పంచాయతీ కూర్చుంటుంది. ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకున్న పెద్దలు తగాదాలు విని అక్కడికక్కడే తీర్పు చెబుతారు. విచారణంతా నోటి మాటే. 2009లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. కృష్ణా పశ్చిమ డెల్టాలో చివరి భూములకు నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే ఊళ్ల నుంచి వెళ్లినదాన్ని. పై రైతు, కింది రైతు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే పద్ధతి చూస్తే నాకు మన కాలువ గట్లే గుర్తొచ్చాయి. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం కూడా కాలువ నీటి లెక్కలదే.

భాష గురించి భయపడేవారికి ఒక మాట. కొన్ని సబ్జెక్టులు ఇంగ్లీషులోనే చెబుతారు. బజారుకు, బస్సుకు మాత్రం స్పానిష్ తప్పదు. అందులో మనకు చుట్టాల్లాంటి మాటలు ఎన్నో ఉన్నాయి. బియ్యాన్ని అర్రోస్ అంటారు, చక్కెరను అసూకర్ అంటారు. పత్తి అల్గొదోన్, దిండు అల్మొహాద. ఇవన్నీ అరబ్బీ నుంచి వెళ్లినవే. పత్తి, దిండు మాటలు ఫోనులో చెబితే నాన్నగారు, "మన దుకాణం అక్కడిదాకా వెళ్లిందా!" అని నవ్వారు. వెళ్లేముందు నేర్చుకోవాలంటే హైదరాబాదులోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో స్పానిష్ చెబుతారు. అనంతపురంలో ఆర్.డి.టి. సంస్థ కూడా విదేశీ భాషలు నేర్పుతోంది.

ఆర్.డి.టి. పేరు వచ్చింది కాబట్టి చెబుతాను. నేను అద్దెకున్న ఇంటావిడకు ఆంధ్రప్రదేశ్ అంటే తెలియదు, అనంతపురం అంటే తెలుసు. బార్సిలోనాలో పుట్టిన విసెంటె ఫెర్రర్ 1952లో మన దేశానికి వచ్చి, 1969 నుంచి అనంతపురంలో స్థిరపడి, 2009లో కన్నుమూసేదాకా అక్కడి పేదల కోసమే పనిచేశారు. ఆయన సంస్థ ద్వారా స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలకింత అని పంపుతూ మన పిల్లల చదువుకు తోడు నిలిచాయి. ఆవిడా అలా పంపినవారిలో ఒకరు. పెద్ద ఇల్లేమీ కాదు, పింఛను మీద బతుకుతున్న మనిషి. ముక్కూమొహం తెలియని తెలుగు పిల్ల కోసం ఆవిడ ఇచ్చిందంటే, మన వీధి పిల్ల కోసం మనం ఇవ్వడం కష్టమా అనిపించింది.

ఆడపిల్లను ఒంటరిగా పంపడం గురించి మా మేనత్త మొదలు అందరూ అడిగారు. గ్రనాడాలో మొరాకో కుటుంబాల హలాల్ దుకాణాలున్నాయి. 2003లో తెరిచిన మసీదు ఉంది. చేపలు దొరుకుతాయి, రేపల్లె మనిషికి అంతకంటే ఏం కావాలి? మధ్యాహ్నం భోజనం రెండు దాటాక, రాత్రి భోజనం తొమ్మిది దాటాక. అదొక్కటే అలవాటు కావడానికి నెల పట్టింది. చలి ఎక్కువ, ఒంటరితనమూ ఉంటుంది, అది దాచను. కానీ వెళ్లేది వలసకు కాదు. చదువు ఇక్కడ సగంలో ఉంటుంది, దాన్ని పూర్తి చేయడానికి తిరిగి రావలసిందే.

ఇక నా మనవి. ఏడాదికి ముగ్గురు పిల్లలకు సరిపడా ఒక నిధిని ఇందుకోసం విడిగా ఉంచండి. దానంగా వద్దు, ఖర్జె హసనాగానే ఇవ్వండి. ఇచ్చేముందు మూడు కాగితాలు చూడండి: విదేశీ విశ్వవిద్యాలయం చేర్చుకున్న ఉత్తరం, రెండు వైపులా సంతకాలున్న లెర్నింగ్ అగ్రిమెంట్, స్కాలర్‌షిప్ ఉత్తరం. ఈ మూడూ ఉన్న పిల్లకు డబ్బు ఇస్తే, స్కాలర్‌షిప్ పడ్డాక అది తిరిగి వచ్చే దారి ఉంటుంది. ఒకరు కట్టింది మరుసటి ఏడు ఇంకొకరికి టిక్కెట్టవుతుంది.

ఒప్పందం లేని కాలేజీల్లో చదివే పిల్లలూ నిరాశపడనక్కరలేదు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారు ఎరాస్మస్ ముండుస్ ఉమ్మడి మాస్టర్స్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఎంపికై స్కాలర్‌షిప్ వస్తే చదువు ఫీజు ఉండదు, ఖర్చులకు నెలకు 1,400 యూరోలు ఇస్తారు. ఈ కోర్సుల్లో స్పెయిన్ విశ్వవిద్యాలయాలు భాగమైనవి చాలా ఉన్నాయి. ఎక్కువ కోర్సులకు అక్టోబరు నుంచి జనవరి లోపల దరఖాస్తులు తీసుకుంటారు. దరఖాస్తు నింపడానికి బాపట్ల, తెనాలి, రేపల్లె పిల్లలెవరు వచ్చినా ఆదివారాలు నేను సొసైటీ ఆఫీసులో కూర్చుంటాను.