కాగితం అన్న చేతిలో ఉంటే?

(కోటప్పకొండ దిగువన జరిగిన మహిళల సమావేశంలో ఒక న్యాయవాది ప్రసంగం)



కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కట్టే ఊళ్ళవాళ్ళం మనం. శివరాత్రి నాడు బొంగులు వెదికితే ప్రభ కొండకు చేరుతుందా? చేరదు. ముందే సమకూర్చుకోవాలి. కోర్టు కాగితాలూ అంతే.

ఒక అక్క ఉందనుకుందాం. నాన్న చనిపోయాడు. పెద్దల నాటి పొలం అన్న చేతిలో ఉంది. హిందూ కుటుంబాల్లో అలాంటి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఉంది. 2005లో దేశమంతటికీ చట్టం అలా మారింది. అక్క వాటా అడిగింది. "నాన్న నాకే రాసిచ్చాడు" అన్నాడు అన్న. కాగితం చూపమంటే చూపడు.

అక్క నరసరావుపేట కోర్టులో దావా వెయ్యాలి. ముందు తనకు దొరికేవి తెచ్చుకోవాలి. అడంగల్, 1బి తీసుకోవాలి. రిజిస్టరయిన దస్తావేజు ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు ఇస్తారు. ఇవన్నీ జాబితా రాసి దావాతోనే పెట్టాలి. తన దగ్గర లేని కాగితం ఎవరి దగ్గర ఉందో కూడా అందులో రాయాలి. తర్వాత పెడదాంలే అనుకుంటే జడ్జిగారి అనుమతి కావాలి. అది దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.

మరి అన్న దగ్గరున్న కాగితం? దానికీ దారి ఉంది. 1908 నాటి సివిల్ చట్టంలోనే ఉంది.

కోర్టు అనుమతితో అన్నకు ప్రశ్నలు రాసి పంపవచ్చు. "నాన్న ఏ తేదీన రాశాడు? సాక్షులెవరు?" అని. కోర్టు వేరే గడువు పెట్టకపోతే 10 రోజుల్లో ప్రమాణం చేసి జవాబు రాయాలి. కాగితాన్ని కోర్టుకు తెప్పించమనీ అడగవచ్చు. అన్న తన జవాబులో ఆ కాగితం మాట ఎత్తాడా, చూపించమని నోటీసు ఇవ్వవచ్చు. అప్పుడూ చూపకపోతే, సరైన కారణం చెబితే తప్ప, తర్వాత దాన్ని తనకు సాక్ష్యంగా వాడుకోలేడు. కోర్టు ఆర్డరును కాదంటే అతని వాదననే కొట్టేయవచ్చు.

అలాగని అన్న బీరువా అంతా తెరిపించమంటే కుదరదు. దావాకు సంబంధించిన కాగితమే అడగాలి.

ఇక్కడొక మెలిక ఉంది. మన కోర్టులకు సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ అని వేరే నియమాలున్నాయి. ఒక్కో కోరికకు ఒక్కో పిటిషన్ వెయ్యాలి. ప్రశ్నలకు ఒకటి, కాగితం తెప్పించడానికి ఒకటి. రెండూ కలిపి వేస్తే, ఒకటి ఉంచి రెండోది విడిగా వేసుకోమంటారు. ఒక వాయిదా పోయినట్టే. చదువుకున్న ప్లీడర్లమే ఒక్కోసారి ఈ పొరపాటు చేస్తాం!

ఒకవేళ మీ మీదే దావా పడితే? సమను అందిన 30 రోజుల్లో జవాబు వెయ్యాలి. కారణం చూపితే 90 రోజుల దాకా గడువు ఇస్తారు. సమను వంటింటి గూట్లో పెట్టి మరిచిపోతే రోజులు ఆగవు.

"ప్లీడరుకు డబ్బెక్కడిది?" అంటారు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. నరసరావుపేట కోర్టులో న్యాయసేవా కమిటీని అడగండి. 15100 నంబరుకు ఫోనయినా చెయ్యండి.

ఇంకొక్క మాట. ప్రతి పిటిషన్‌తో పాటు ప్రమాణ పత్రం ఉంటుంది. అది మీ పేరున చెప్పే మాట. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. కూడబలుక్కుని అయినా చదివి సంతకం పెట్టండి. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనండి. ఆలస్యమవుతోందని ప్లీడరు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.