దేహకాంతియు దినచర్యయు
(సంఘ వార్షిక మహాసభ రెండవనాటి యుదయమున చేసిన యుపన్యాసము)



విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహముపై రెండవ అంతస్తు గట్టుటను గూర్చియు పెద్దలు నిన్నటి నుండి ప్రసంగించుచున్నారు. భోజనమునకు పూర్వము మిగిలిన యీ యరగంటలో యోగమును, దినచర్యను, దేహకాంతిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నేను వైద్యుడను గాను. యోగిని అంతకంటెను గాను. ముప్పదియైదేండ్లు పిల్లలకు సంస్కృతాంధ్రములు నేర్పి విశ్రాంతి పొందిన బడిపంతులను. కావున మాటల యర్థమునుండియే ప్రారంభింతును. అర్థము తప్పినచోట ఆచారమును తప్పునని నా నమ్మకము. చివరకు ఈ సభవారిని మూడు కోరికలు కోరెదను. వానికొరకే యీ ప్రసంగము.

రోగము లేని స్థితికి సంస్కృతమున రెండు పేర్లు వాడుకలో నున్నవి. ఒకటి ఆరోగ్యము, రెండవది స్వాస్థ్యము. మొదటిది రోగము లేకుండుటను మాత్రమే చెప్పును. రెండవది తనయందు తాను నిలిచియుండుటను చెప్పును. సుశ్రుతుడు స్వస్థుని లక్షణము చెప్పుచు, దోషములు, జఠరాగ్ని, ధాతువులు, మలక్రియ సమముగా నుండిన చాలుననలేదు. ఆత్మయు, ఇంద్రియములును, మనస్సును ప్రసన్నములై యుండవలెనని చేర్చెను. రక్తపరీక్షలో అంకెలన్నియు సరిగా నుండియు, రాత్రి నిద్రపట్టక, పగలు కోపమాగక యుండువాడు అరోగియే గాని స్వస్థుడు గాడు.

యోగశబ్దమును గూర్చియు నిట్లే. పాణినీయ ధాతుపాఠమున యుజ్ ధాతువు కూర్చుట యను నర్థమున నొకటియు, సమాధి యను నర్థమున నొకటియు గలవు. యోగసూత్రములకు భాష్యము రచించిన వ్యాసుడు రెండవ యర్థమునే గ్రహించెను. అనగా చిత్తము కుదుటపడుట ప్రధానము. అవయవములను వంచుట దానికి సాధనము. పతంజలి సూత్రములు రమారమి రెండువందలు గలవు. వానిలో ఆసనమును గూర్చినవి మూడు మాత్రమే. కదలక, కష్టపడక కూర్చుండగలిగిన చాలునని ఆయన యభిప్రాయము. తరువాతి కాలపు హఠయోగప్రదీపికలో 15 ఆసనములును, ఘేరండసంహితలో 32 ఆసనములును వర్ణింపబడినవి. నేడు మనము చూచు వ్యాయామప్రధానమైన యోగము చాలవరకు 20వ శతాబ్దమున రూపు దాల్చినది. 1924లో కువలయానందస్వామి లోణావళాలో కైవల్యధామమును స్థాపించి, యోగక్రియలను ప్రయోగశాలలో పరీక్షింపసాగెను. 1930ల దశకమున తిరుమలై కృష్ణమాచార్యులవారు మైసూరు మహారాజుగారి యాశ్రయమున యోగశాల నడపి శిష్యులను తయారుచేసిరి. కావున సెల్‌ఫోనులో ఎవరో కాలు మెడకు జుట్టుకొనుట చూచి, అది మనవల్ల గాదు, యోగమే మనకు లేదు అని నిరాశ చెందనక్కరలేదు.

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా ప్రకటించినది. 2025లో ఆ దినమున మన విశాఖపట్టణ సముద్రతీరమున మూడులక్షల మందికి పైగా జనము ఒక్కసారి ఆసనములు వేసిరి. సంతోషమే. కాని మరునాటి యుదయమున ఎందరు మరల చాప పరచిరో, అంతే ఫలము. భారత వైద్య పరిశోధనా మండలివారు సాగించి 2023లో ప్రకటించిన సర్వే ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైగా నున్నారు. అధిక రక్తపోటు గలవారు 31 కోట్లకు పైగా నున్నారు. ఏడాదికొకనాటి యుత్సవముతో ఇవి తగ్గునవి గావు. దినచర్యయే దీనికి మందు.

ఇక దేహకాంతి మాట. మన సంఘము ఏటేట ప్రకటించు వధూవరుల పట్టికను మీరందరు చూచియే యుందురు. అందు వయస్సు, చదువు, ఉద్యోగము, ఎత్తు అను గడుల ప్రక్కన ‘ఛాయ’ అను గడి యొకటి గలదు. కన్యల పేళ్ల కెదురుగా అందు తెలుపు అనియు, ఎరుపు అనియు, చామనచాయ అనియు వ్రాయించుచున్నాము. వరుల పేళ్ల కెదురుగా ఆ గడి తరచు ఖాళీగానే యుండును. ఈ గడిని గూర్చి మాటలాడుటకు సంస్కృతము చదివినవానికి కొంత యధికారము గలదని తలంచెదను.

చరకసంహితలోని యింద్రియస్థానమున వర్ణము, ఛాయ, ప్రభ అనునవి వేర్వేరుగా చెప్పబడినవి. వర్ణమనగా చర్మపు రంగు. కృష్ణము, శ్యామము, శ్యామావదాతము, అవదాతము అను నాలుగును దేహమునకు ప్రకృతి వర్ణములు. నలుపు మొదలు పచ్చని చాయవరకు అన్నియు ఆరోగ్యవంతుని సహజమైన రంగులే యన్నమాట. వికారమును దెలుపు రంగుల పట్టిక వేరుగా నున్నది. నీలము, హరితము మున్నగువానితోపాటు శుక్లము, అనగా తెలుపు, ఆ పట్టికలో చేరియున్నది! ఛాయ యనునది ఐదు విధములు. దగ్గరకు వచ్చి చూచినపుడు అది కనబడును, వర్ణమును గప్పివేయును. ప్రభ యేడు విధములు. అది దూరమునుండియే ప్రకాశించును. రంగు ఏదైనను, దేహములోని స్వాస్థ్యము పైకి కనబడు తీరే ఛాయ. మనము గడిలో వ్రాయుచున్నది వర్ణము. పైన పెట్టిన పేరు ఛాయ. ఇది మొదటి తప్పు. రెండవ తప్పు, ఆ వర్ణమునకు వెలగట్టుట.

నవీన శాస్త్రము చెప్పునదియు నిదియే. చర్మములోని మెలనిను అను పదార్థము తీవ్రమైన యెండనుండి దేహమును గాపాడును. మన యెండలకు తగిన గొడుగును ప్రకృతియే యిచ్చినది. ఆ గొడుగును విరుగగొట్టుటకు మన పిల్లలు అంగడి లేపనములు పూసుకొనుచున్నారు. వానిలో కొన్నింట స్టెరాయిడు గలదు. అది కొన్నాళ్లు మెరుపు చూపి, పిదప చర్మమును పలుచన చేయును. మొటిమలను, ఎరుపును, అక్కరలేని చోట రోమములను గలిగించును. 2018లో కేంద్రప్రభుత్వము అట్టి లేపనములు కొన్నింటిని వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని నిబంధించినది. 2020లో ఒక పెద్ద వర్తకసంస్థ తన లేపనము పేరునుండి తెలుపును సూచించు మాటనే తొలగించినది. లాభము కొరకు సరకు అమ్మువాడే విడిచిన మాటను, పిల్లల మేలు కోరు సంఘము పట్టుకొని యుండుట న్యాయమా? వేదములను విభజించిన మహర్షి కృష్ణద్వైపాయనుడు. పాంచాల రాజపుత్రికకు మేనిరంగునుబట్టి వచ్చిన పేరు కృష్ణ. మన పట్టికలో వీరిని ఏ గడిలో వ్రాయుదుము?

అట్లయిన నిజమైన ఛాయ యెట్లు వచ్చును? నాలుగు మార్గములు చెప్పెదను. వీనిలో దేనికిని పైకము పెద్దగా అక్కరలేదు.

మొదటిది నిద్ర. ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడును దేహమునకు ఉపస్తంభములని చరకుని మతము. పుష్టియు కార్శ్యమును, బలమును దౌర్బల్యమును నిద్రనుబట్టియే యుండునట. పెద్దవారికి రాత్రి 7 గంటలకు తక్కువగాని నిద్ర వలయునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. బ్రాహ్మీముహూర్తమున మేల్కొనుమన్న వాగ్భటుని మాటను మనము గర్వముగా చెప్పుకొందుము. అర్ధరాత్రి దాటువరకు సెల్‌ఫోను చూచి, బ్రాహ్మీముహూర్తమున లేచుట దినచర్య గాదు, దేహశిక్ష. ముందు పెందలకడ పరుండిననే గదా ముందుగా లేచుట!

రెండవది మితాహారము. కడుపులో రెండు పాళ్లు అన్నాదులకును, ఒక పాలు ద్రవమునకును ఉంచి, నాలుగవ పాలు వాయువునకు విడువుమని వాగ్భటుడు చెప్పెను. ఉప్పు దినమునకు 5 గ్రాములకు లోపుగా నుండవలెనని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. అది చిన్న చెంచాడు. ఆవకాయ, అప్పడము, వడియము, ఊరమిరపకాయ ఒక్క విస్తరిలో కలిసినపుడు ఆ లెక్క యేమగునో గృహిణులకు నేను చెప్పనక్కరలేదు. మానుమనుట లేదు, వంతులవారీగా వడ్డింపుడు.

మూడవది వ్యాయామాభ్యంగములు. వాగ్భటుడు తన బలములో సగము వరకే వ్యాయామము చేయుమనెను. అదియు బలవంతులు, చలికాలమునను వసంతమునను. తక్కిన ఋతువులలో ఇంకను తక్కువగా. సగము బలము తీరినదని తెలియుటెట్లు? ఊపిరి నోటికి వచ్చినపుడు ఆపవలెనని సుశ్రుతుడు గుర్తు చెప్పెను. నేటివారు, నడచుచు మాటలాడగలిగి పాడలేకపోయినచో వ్యాయామము తగుమాత్రముగా నున్నదందురు. రెండు గుర్తులును ఒక్కచోటికే వచ్చినవి. వారమునకు 150 నిమిషములు చురుకుగా నడచిన చాలునని ప్రపంచారోగ్యసంస్థ 2020లో చెప్పినది. దినమునకు అరగంట, వారమున రెండుదినములు సెలవు. నడువలేనివారు కూర్చుండియే చేతులు, మెడ, చీలమండలు ఆడింపవచ్చును. రోహిణికార్తె యెండలో పట్టుదలకు పోయి సూర్యనమస్కారములు చేయవలదు. రక్తపోటు గలవారు, కంటిలో నీటియొత్తిడి గలవారు శీర్షాసనము జోలికి పోరాదు. స్నానమునకు ముందు తలకు, చెవులకు, పాదములకు నూనె రాచుకొనుట, సున్నిపిండితో నలుగు పెట్టుకొనుట మన అమ్మమ్మలు ఎరిగినవే. పొడిచర్మమునకు కొంచెము నూనె చేయు మేలు ఖరీదైన సీసాకు తీసిపోదు.

నాలుగవది విశ్రాంతి. దీనినే మనము మరచితిమి. శ్రమ తీరుటకే విశ్రాంతి యని పేరు. సోమరితనమునకు ఆ పేరు చెల్లదు. హఠయోగప్రదీపిక చెప్పిన 15 ఆసనములలో శవాసనమొకటి. పేరు విని జంకకుడు. చాపపై వెల్లకిల పరుండి, కాళ్లు కొంచెము ఎడముగా నుంచి, అరచేతులు పైకి త్రిప్పి, కన్నులు మూసి, కాలివ్రేళ్లు మొదలు నుదురువరకు ఒక్కొక్క యవయవమును వదులు చేయవలెను. ఊపిరి తనంతట తాను నెమ్మదించును. విడుచు ఊపిరి పీల్చు ఊపిరికంటె కొంచెము దీర్ఘముగా నున్న మేలు. పదునైదు నిమిషములు చాలును. 1969లో బొంబాయి వైద్యుడు దాతేగారును ఆయన సహచరులును అధిక రక్తపోటు గల 47 మందిచేత దీని నభ్యసింపజేసి, అనేకులయందు మేలు గలుగుట చూచి వైద్యపత్రికలో ప్రకటించిరి. ఇది విని రక్తపోటు మాత్రలు మానరాదు. మాత్ర తగ్గించుటయు, మానుటయు వైద్యుని పని. శవాసనము మన పని.

ఇప్పుడొక ప్రశ్న యడిగెదను. ఎవరును అన్యథా భావింపకుందురుగాక. ఈ నాలుగింటిని, నిద్రను, వేళకు భోజనమును, నడకను, విశ్రాంతిని, మన యింట ఎవరు పొందకున్నారు? తెల్లవారుజామున అందరికంటె ముందు లేచునది ఇల్లాలు. అందరు తిన్నపిమ్మట మిగిలినది తినునదియు ఆమెయే. ఉద్యోగము చేసి వచ్చిన కోడలు సాయంకాలము వంటయింటికే పోవును; కుమారుడు సోఫా మీద విశ్రమించును. రాత్రి చివరి దీపము ఆర్పునదియు ఆమెయే. ఆమెకు 7 గంటల నిద్ర యెక్కడిది? నడకకు అరగంట యెక్కడిది? పెండ్లినాడు ఛాయ గడి చూచి తెచ్చుకొంటిమి; పదియేండ్లకు ఆమె ముఖమున ఛాయ లేకుండ చేసితిమి. ఆ మీదట మొగము వాడినదని లేపనము కొనిత్తుము. చరకుడు చెప్పిన ఛాయను పెండ్లిచూపులలో వెదకుట సులభము. పెండ్లియైన పిమ్మట నిలుపుట కష్టము. ఆ కష్టము మగవారు పంచుకొనవలసినది. అంట్లు తోముటయు వ్యాయామమే. పక్కలు పరచుటయు వ్యాయామమే. సగము బలముతో చేసినను చాలును.

కావున సభవారికి నా మూడు కోరికలు.

మొదటిది: రాబోవు సంవత్సరపు వధూవరుల పట్టికనుండి ‘ఛాయ’ గడిని తొలగింపవలెను. అచ్చుఖర్చు కొంత కలిసివచ్చును గూడ. దీనికి తీర్మానము ప్రవేశపెట్టవలసినదిగా కార్యదర్శిగారిని ప్రార్థించుచున్నాను.

రెండవది: మన కల్యాణమండపము ముహూర్తములు లేని దినములలో మూతపడియే యుండును. ఆ దినములలో ఉదయము 5 గంటల నుండి 7 గంటల వరకు దానిని యోగాభ్యాసమునకు తెరచియుంచవలెను. అందు ఒక గంట స్త్రీలకే ప్రత్యేకింపవలెను. ఆ గంటలో ఇంటివద్ద కాఫీ కాచు భారము పురుషులది. ఇతర కులముల వారెవరైనను చాప తెచ్చుకొని వచ్చినచో ఆదరముతో చోటీయవలెను. ఊపిరికి కులము లేదు.

మూడవది: వసతిగృహమున రాత్రి పదిన్నరకు దీపములార్పు నియమమును పెట్టి, పరీక్షల దినములలో గూడ దానిని సడలింపకుండవలెను. నిద్రమాని చదివినది నిలువదని ముప్పదియైదేండ్ల పరీక్షాపత్రములు నాకు నేర్పినవి.

ధనవంతులైన దాతలు ఈ సభయందు పలువురున్నారు. అంతస్తులు గట్టుడు, మంచిదే. కాని పైన జెప్పిన మూడింటికిని ఇటుకగాని, సిమెంటుగాని అక్కరలేదు. మనస్సు చాలును.

భోజనమునకు పిలుపు వచ్చుచున్నది. కడుపులో నాలుగవ పాలు ఖాళీగా నుంచుడని చెప్పి, వడ్డించువారి కోపమునకు గురికాకముందే విరమించెదను. మన యిండ్లలోని ప్రతి స్త్రీయు, ప్రతి పురుషుడును, ప్రతి బాలుడును స్వస్థులై, ఏ వర్ణమున బుట్టినను ఛాయతోను ప్రభతోను వెలుగొందుదురుగాక!

స్వస్తి.