కొబ్బరి కన్నులలో సౌష్ఠవము

కోనసీమలో కొబ్బరికి పేరుగన్న ఊరు అంబాజీపేట. అచ్చటి కాయనే నేడు ఉదాహరణముగా గైకొందము. పీచు తీసినచో మూడు కన్నులు ఇంచుమించు సమబాహు త్రిభుజపు శీర్షములవలె కనబడును. అట్టి త్రిభుజమును ఒక శీర్షమునుండి ఎదుటి భుజపు నడిమికి గీసిన గీతవెంట మడిచినచో సగములు రెండును కలియును. అట్టి గీతలు మూడు. ఇది రేఖా సౌష్ఠవము. కేంద్రముచుట్టు 120 డిగ్రీలు త్రిప్పినను రూపము మారదు; ఇది భ్రమణ సౌష్ఠవము. ఈ రెండును ఒకటి కావు: స్వస్తిక ముగ్గు 90 డిగ్రీల త్రిప్పునకు సరిపోవును, మడతకు సరిపోదు.

కాని కన్నులలో రెండు గట్టివి, ఒకటి మెత్తనిది. ఈ భేదమును లెక్కించినచో త్రిప్పు చెల్లదు. మెత్తని కంటిమీదుగా పోవు గీత యొక్కటే మిగులును. మొలక వెలువడునది ఆ కంటినుండియే. కాయ ఒలిచినపుడు పిల్లలకు దీనిని చూపుదము.