మోసమునకు మౌనమే మేత



ధనవిషయకమైన మోసములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము ఆదేశించినారు. మేము పండితులము కాము; మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము. అయినను వర్తకమునకు నమ్మకమే మూలధనము గావున ఈ విషయము మాకు క్రొత్తది కాదు.

దొంగ రాత్రివేళ కన్నము వేయును. మోసగాడు పట్టపగలు ముంగిటికి వచ్చి "బాబాయిగారూ, కులాసాయా?" అని పలుకరించును. తరములుగా బీదరులో స్థిరపడిన మనకు తెలుగుమాట చెవిని పడినంతనే మనస్సు కరగును. అది మన బలము. మోసగానికి చిక్కు పిలకయు అదియే.

విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంస్థ సంగతి మీరెరుగుదురు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకాది రాష్ట్రములలో సుమారు 32 లక్షల మందినుండి 6,000 కోట్ల రూపాయలకు పైగా అది సేకరించినది. 2015లో సి.ఐ.డి. దర్యాప్తు ఆరంభమైనది. ఇంటింటికి తిరిగి సొమ్ము వసూలు చేసిన ఏజెంట్లు పెక్కురు ఆ యా ఊళ్ళవారే, బంధువులే. సంస్థ కూలినపుడు జనము నిలదీసినది వారినే. పరువునకు జడిసి ప్రాణములు తీసికొన్న ఏజెంట్లును, ఖాతాదారులును కలరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 10,000 రూపాయలలోపు కట్టినవారికి 2019లో, 20,000 లోపు వారికి 2021లో గాని సొమ్ము చెల్లింపలేదు.

మోసగాని మనస్సు ఎట్టిది? అమెరికా దేశపు సామాజికశాస్త్రజ్ఞుడు డొనాల్డు క్రెస్సీ, చెరసాలలలోని విశ్వాసఘాతకులతో సంభాషించి 1953లో ఒక గ్రంథము ప్రకటించెను. వారిలో పెక్కురకు ఎవరికిని చెప్పుకొనలేని ఒక ఇబ్బంది, పరుల సొమ్ము చేతిలోనుండు అవకాశము, "అప్పుగా తీసికొని మరల ఉంచెదను" అను సాకు — ఈ మూడును కలిసివచ్చినవట. సత్యం కంపెనీ అధిపతి రామలింగరాజు 2009 జనవరి 7న వ్రాసిన లేఖలో తన స్థితిని పులిపై స్వారీతో పోల్చుకొనెను. దిగినచో తినివేయునను భయముతో దొంగలెక్కలు ఏటేట పెరిగినవి. 2015లో న్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించినది.

చూడుడు! మోసగాడును నోరు విప్పడు, మోసపోయినవాడును నోరు విప్పడు. కుమార్తె పెండ్లికి దాచిన సొమ్ము పోయినదని భార్యకు సైతము చెప్పనివారు కలరు. ఏల? "దురాశకు పోయినాడు, అనుభవించుచున్నాడు" అని మనము ఎగతాళి చేయుదుమని భయము. ఆ మౌనము చాటున మోసగాడు ప్రక్కయింటి తలుపు తట్టును. కావున మన ఎగతాళియే వానికి పెట్టనికోట.

మా మనవి మూడు మాటలు. చిట్టీ కట్టుటకు ముందు 1982 చట్టము ననుసరించి రిజిస్ట్రారు అనుమతి కలదా యని అడుగుడు. తెలుగువాడనియు, బంధువనియు మొగమాటపడకుడు. నిజాయితీపరుడు కాగితము చూపుటకు నొచ్చుకొనడు. మోసపోయినచో దాచక పోలీసు ఠాణాకు వెళ్ళుడు. కర్ణాటకమున డిపాజిటుదారుల రక్షణకై 2004 చట్టమును, దేశమంతటికి 2019 చట్టమును కలవు. టెలిఫోనులో జరిగిన మోసమునకు 1930 సంఖ్యకు తత్‌క్షణమే తెలుపుడు.

అన్నిటికంటె ముఖ్యము: నష్టపడిన సోదరుడు మన గడపకు వచ్చినపుడు "ఏల ఇచ్చితివి?" అని అడుగక, "ఠాణాకు మేమును వత్తుము, పదుడు" అందము. సొమ్ము తిరిగి రాకపోవచ్చును, మనిషి మిగులును.